పంపులతో ఆపిన నది

మా ముత్తాత రాతి గుత్తేదారు. లష్కర్ ఊళ్లో తెల్లదొరల సిపాయిలు ఉండే బారకాసులకు పునాది రాయి, బొల్లారం రోడ్డు కింద కల్వర్టులకు కమాను రాయి ఆయన బండ్ల మీదే వచ్చాయి. చెరువు కట్ట తెగితే చుట్టుపక్కల జాగీర్దార్లు గుర్రం మీద మనిషిని పంపేది ఆయన కోసమే. ఆయన వెళ్లి కట్ట మీద నిలబడితే చాలు, నీళ్లు ఆగుతాయని జనం అనుకునేవారట. నేను అంత దూరం పోను. నీళ్లు ఆపడం మా ఇంటి విద్య అని మాత్రం అంటాను. మా తాత గుత్తలు మానేసి, లష్కర్ బజారులో వరసగా మల్గీలు కట్టించి దుకాణాలకు అద్దెకిచ్చాడు. ఇద్దరు వ్యాపారులకు తగువు వస్తే మా అరుగు మీదికి వచ్చేవారు. తాత నోటి మాటకు కాగితం అడిగినవాడు లేడు. మా నాన్న చదువుకున్నాడు, మంచి సూట్లు కుట్టించుకున్నాడు, బస్సులు కొన్నాడు, నూనె మిల్లు పెట్టాడు. ఆయన పోయేసరికి ఆ వరసలో ఒక్క మల్గీ మిగిలింది.

దానికి వారసులం ఇద్దరం, మా అక్క, నేను.

నేను ఒక మందుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసి రిటైరయ్యాను. సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ కర్నల్ గారి ఇంటి పై వాటాలో అద్దెకు ఉంటున్నాను. పెళ్లి చేసుకోలేదు. వచ్చిన సంబంధాలు మా ఇంటికి తగినవి కావని మొదట నాన్న అనుకున్నాడు, ఆయన పోయాక నేను అనుకున్నాను. మా అక్కను రైల్వే బుకింగ్ క్లర్కుకు ఇచ్చారు. నాన్న ఆ పెళ్లికి సగం మనసుతోనే ఒప్పుకున్నాడు గానీ, బావ మంచివాడు, నోరు మాత్రం ఆగదు. వాళ్లిద్దరూ లాలాగూడలో మూడో అంతస్తులో ఉంటారు. ఆ బిల్డింగుకు లిఫ్టు లేదు, పెట్టడానికి చోటూ లేదు. అక్క మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. కిందికి దిగడం ఒక పని అయితే, మళ్లీ ఎక్కడం ఇంకో రోజు పని. అదే బిల్డింగులో కింది ఇల్లు అమ్మకానికి వచ్చింది. మల్గీ అమ్మితే అక్క తన వాటాతో అది కొనుక్కోవచ్చు. నా సంతకం లేకుండా మల్గీ అమ్మడం కుదరదు. విషయం ఇంతే.

నేను సంతకం పెట్టలేదు. ఎందుకో కూడా చెబుతాను. ఆ మల్గీలో ఒక టైలర్ ఉన్నాడు. నేను ఆ దారిలో వెళితే మిషన్ ఆపి లేచి నిలబడతాడు. ఇప్పుడు ఈ ఊళ్లో నన్ను చూసి లేచి నిలబడే మనిషి అతనొక్కడే. పక్క దుకాణాలు ఎవరెవరివో అయిపోయినా, ఆ వరస మొత్తాన్ని బజారులో ఇప్పటికీ మా ఇంటి పేరుతోనే పిలుస్తారు. ఆ ఒక్కటీ పోతే పిలవరు. మోకాలి నొప్పికి దీనికన్నా వేరే దారులు ఉంటాయని నేను అనుకున్నాను. మందులు ఉంటాయి, పట్టీలు ఉంటాయి, కసరత్తులు ఉంటాయి.

ఆదివారం ఆదివారం నేనే అక్క దగ్గరికి వెళ్లేవాణ్ని. మల్కాజిగిరి, మెట్టుగూడ మీదుగా స్కూటర్. ఒక ఆదివారం వెళ్లేసరికి అక్క లాప్‌టాప్ ముందు కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని కూర్చుంది. అది ఆమె కూతురిది. కొత్తది కొనుక్కున్నాక పాతది తల్లికి ఇచ్చింది.

"వచ్చినవా? జెర గిటు చూడు. నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో, యాడికి పోతున్నయో సమజైతలేదు," అంది అక్క.

తెర మీద ఒక నది ఉంది.

"ఇది పిల్లల ఆట కదా అక్కా."

"పిల్లలు ఆడరు గిది," అన్నాడు బావ వంటింట్లోంచి. "మా మనవడు రెండు నిమిషాలల్ల లేచిపోయిండు. ఇందుల తుపాకి లేదట. ఎవ్వన్నీ కాల్చేటట్టు లేదట. వానికి ఊరు కట్టే ఓపిక యాడిది?"

ఊళ్లు కట్టే ఆట అది. మొదట కొండలు, అడవి, మధ్యలో నది ఉన్న ఖాళీ నేల, కొంత డబ్బు ఇస్తారు. రోడ్డు వేస్తే పక్కన ఇళ్లు వాటంతట అవే లేస్తాయి. ఆ ఇళ్లకు కరెంటు, నీళ్లు, మురుగు కాల్వ, బడి, చెత్త బండి, ఆస్పత్రి, ఆఖరికి శ్మశానం కూడా మనమే పెట్టాలి. ఏది తక్కువైనా ఇంటి కప్పు మీద ఒక గుర్తు లేచి ఎగురుతూ ఉంటుంది. కరెంటు లేకపోతే మెరుపు గుర్తు, నీళ్లు లేకపోతే చుక్క గుర్తు. ఎంత చేసినా ఎవడో ఒకడి ఇంటి మీద ఏదో ఒకటి ఎగురుతూనే ఉంటుంది. మెచ్చుకునే గుర్తు మాత్రం నేను చూడలేదు.

అక్క అప్పటికే కొండ మీద చిన్న ఊరు కట్టింది. కరెంటు కోసం ఆనకట్ట వేయాలని చూస్తోంది. ఆమె ఎంచుకున్న చోటు చూసి నాకు ఒళ్లు మండింది.

"అక్కడ కాదు అక్కా. వెడల్పున్న కాడ ఎవరన్న కడతరా? నది సన్నబడ్డ కాడ కట్టాలె."

"అయితే నువ్వే కట్టు."

"నాకెందుకు ఇవన్నీ?"

"మీ ముత్తాత కట్టలు కట్టినోడంటివి గదా బామ్మర్ది," అన్నాడు బావ టీ తెచ్చి పెడుతూ. "రక్తంల ఉంటది. పట్టు మౌస్."

పట్టుకున్నాను. దిగువన రెండు గుట్టల మధ్య నది ఇరుకైన చోటు చూసి ఆనకట్ట కట్టాను. వెనక నీళ్లు నిండాయి, అలుగు పారింది, కొండ మీద అక్క ఇళ్లలో దీపాలు వెలిగాయి. అక్క బడి, ఆస్పత్రి మునగలేదు. టీ చల్లారిపోయిందని ఇంటికి వెళ్లే ముందు గానీ చూసుకోలేదు.

అలా ఆదివారాలు ఆ ఆటకే పోయాయి. అక్క ఊరు పెరిగింది. కొండ మీద చోటు అయిపోయింది. వాలు మీద రోడ్డు వేస్తే లారీలు ఎక్కలేక వరసగా నిలబడిపోతున్నాయి, చెత్త బండి రావడం లేదని జనం గోల. చదునైన నేల ఎక్కడుందా అని చూస్తే, ఎగువన నది పెద్ద వంపు తిరిగే చోట ఉంది. అది నది అడుగు. పైన నిండా నీళ్లు.

దారి కనిపెట్టింది బావ. తెలిసి కాదు, పొరపాటున. తాగే నీళ్ల కోసం ఒడ్డున పంపు పెట్టమంటే, పెట్టినప్పుడల్లా టప్పుమని వచ్చే చప్పుడు నచ్చిందట, పెడుతూ పోయాడు.

"ఏయ్, నది తక్కువైతున్నది సూడుండ్రి!"

నిజంగానే తగ్గింది. ఆ ఆటలో పంపు ఎంత తాగుతుందంటే, కొన్నింటిని పక్కపక్కన పెడితే నది నదినే మింగేస్తాయి. మింగిన నీళ్లను పైపులతో కొండ అవతల తూర్పు లోయలో వదిలేయొచ్చు. అంటే ఒడ్డు నుంచి ఒడ్డుకు పంపులు వరసగా పెడితే అదే ఆనకట్ట. కిందంతా ఎండిన ఇసుక.

నాకు అది అస్సలు నచ్చలేదు. నది మధ్యలో పని చేయాలంటే మా ముత్తాత ముందు మట్టికట్ట వేసి పారే నీటిని పక్కకు మళ్లించేవాడు. లోపల ఊరిన ఊట నీటిని మాత్రం ఎద్దుల మోటలతో తోడించేవాడు. మొదట కట్ట, ఆ తరువాత తోడటం. ఈ ఆటలో కట్ట లేనే లేదు. వచ్చే నదిని వచ్చినట్టు తోడిపోయడమే. ఇది విద్యా?

"నదిని పంపులతోని ఆపుడేంది బావా? ఇదేమన్న బోరింగా?"

"ఆగుతున్నదా లేదా?"

"ఆగుతున్నది గాని, పద్ధతి కాదు."

"పద్ధతేందో నువ్వే చెప్పు మరి."

ఎగువన ఇంకో రాతి ఆనకట్ట వేద్దామన్నాను. అక్క ఒప్పుకోలేదు. అది వేస్తే వెనక నీళ్లు కొండ సగం దాకా లేస్తాయి.

"నా బడి మునుగుతది. నా ఆస్పత్రి మునుగుతది. మొన్ననే పార్కు పెట్టిన, గది సుత మునుగుతది. నీ రాయి నాకద్దు," అంది.

రెండు వారాలు వాదించి, విసిగి, నేనే పంపులు పెట్టాను. ఒడ్డు నుంచి ఒడ్డుకు, కొలిచినట్టు. వాటికి నా ఆనకట్ట నుంచే కరెంటు తీగ లాగాను. నది ఎండింది. పడవలు ఇసుకలో పక్కకు ఒరిగి నిలబడ్డాయి. ఆ ఇసుక మీద నేను రోడ్లు వేశాను. అక్క కొండ మీద వేసినట్టు వంకరటింకరగా కాదు, స్కేలు పెట్టి గీసినట్టు. మధ్యలో ఒక బజారు, రెండు పక్కలా దుకాణాల వరసలు.

అక్క తెరకు దగ్గరగా వంగి చూసి, "గిది మన బజార్ లెక్కనే ఉన్నదిరా," అంది.

నేను ఇంకో దుకాణాల వరస పెట్టాను.

కాసేపటికి అక్కే మళ్లీ అంది. "తమ్మీ, కిందింటోళ్లు మళ్ల అడిగిండ్రు. ఇంక ఎన్ని రోజులు ఆగుతరు వాళ్లు? టైలర్ సుత కొంటనంటున్నడు. మల్గీ సంగతి ఏం జేస్తవ్?"

అప్పుడు నేను ఒక మూలమలుపు సరిచేస్తున్నాను. చెయ్యి వణికితే రోడ్డు పక్కకు పోతుంది.

"ఈ ఊరు ముందు నిలవడనీ అక్కా. ఒక్క ఏడాది మునగకుండ నిలవడితే ఆ రోజే సంతకం పెడుత."

"ఆటల ఏడాదా, బయటి ఏడాదా?"

"ఆటలదే."

ఆటలో ఏడాది అంటే ఒక మధ్యాహ్నం. బావ టవల్‌తో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నేను సాక్షి," అన్నాడు.

అక్క మోకాలు నిమురుకుంటూ నవ్వింది. చాలా రోజుల తరువాత నవ్వింది. ఆమె నోరు మూయించడానికి అన్న మాట అది, ఒప్పుకుంటాను. అయినా అన్నాక మాటే.

అదే మధ్యాహ్నం ఊరు మునిగింది.

మొదట దీపాలు పోయాయి. నా బజారులో, అక్క కొండ మీద, అన్నిచోట్లా మెరుపు గుర్తులు. ఎందుకు పోయాయో చూసేలోపు పంపులు ఆగాయి. పంపులు ఆగగానే అంతసేపూ ఆగి ఉన్న నది మొత్తం ఒక్క గోడలా వచ్చి బజారు మీద పడింది. లారీలు, బస్సులు, అంబులెన్సు అన్నీ తేలుతూ పోయాయి. నీళ్లు దిగువకు వెళ్లి నా ఆనకట్టను తాకాయి. కరెంటు వచ్చింది. పంపులు మళ్లీ నడిచాయి. నది ఎండింది. జనం తిరిగొచ్చి అవే ఇళ్లలో దిగారు. కాసేపటికి మళ్లీ దీపాలు పోయాయి.

కారణం ఇంత చిన్నది. పంపులకు కరెంటు ఇచ్చేది దిగువన ఉన్న ఆనకట్ట. ఆ ఆనకట్టకు నీళ్లు ఇచ్చేది నది. ఆ నదిని ఎగువనే పంపులు తాగేస్తున్నాయి. పంపులు బాగా పనిచేస్తే వాటికి కరెంటు పోతుంది. కరెంటు పోతే ఊరు మునుగుతుంది. ఊరు మునిగితే కరెంటు వస్తుంది. మూడుసార్లు చూశాక గానీ నాకు తట్టలేదు. తట్టాక కోపం ఆగలేదు. ముత్తాత ఉంటే నా మొహాన మౌస్ విసిరికొట్టేవాడు.

ఆ తరువాతి వారాలు దాన్ని సరిచేయడానికే పోయాయి. గాలిమరలు పెట్టాను, ఆ లోయలో గాలి లేదు, రెక్కలు ముసలివాళ్లలా కదిలాయి. నీళ్లు వదులుతున్న తూర్పు లోయలో ఇంకో ఆనకట్ట వేద్దామని చూశాను. ఒడ్డుల ఎత్తు కలవదని ఎర్ర గీత చూపించింది, నాలుగు చోట్ల చూశాను, నాలుగు చోట్లా ఎర్ర గీతే. బొగ్గు కరెంటు పెడదామంటే అక్క గయ్‌మంది, పొగ ఆమె బడి మీదికి వస్తుందట. బజారు చుట్టూ రాతి కట్ట వేశాను. నీళ్లు దాని మీంచి దూకి లోపల పడి, బయటికి పోయే దారి లేక అక్కడే నిలబడ్డాయి. అంతకుముందు ఊరు మునిగి తేలేది, ఇప్పుడు మునిగి అలాగే ఉండిపోయింది.

ఇంత జరుగుతున్నా తెర మూలన ఒక చిన్న పెట్టె వచ్చి అదే మాట చెబుతూ ఉండేది. మీ సరిహద్దు దాకా తీగ వేసుకుంటే పొరుగు పట్టణం నుంచి కరెంటు కొనుక్కోవచ్చు అని. నేను మూసేసేవాణ్ని. మూసేసినకొద్దీ వచ్చేది.

"గది ఒత్తరాదురా," అంది అక్క. "కొనుక్కోమంటున్నడు గదా."

"అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు? పైసలున్నయి. తీగ గుంజితే అయిపాయె."

"ఇంకోని తీగ మీద బతికేది ఊరా అక్కా? వాడు ఎప్పుడు తెంపుతడో వాని ఇష్టం. మన ఆనకట్ట మనకున్నది."

"ఉన్నది. రోజు ముంచుతున్నది."

నేను ఎందుకు ఒప్పుకోలేదో మా ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ పాలు తోడు వేయడానికి కూడా ఎన్నడూ పక్కింటికి గిన్నె పంపలేదు. ఏ రోజైనా తోడు మిగలకపోతే, ఆ రోజు ఇంటిల్లిపాదీ పెరుగు లేకుండా తిని లేచేవాళ్లం. ఎవరూ నోరెత్తేవారు కాదు. తరువాత పాలలో చింతపండు వేసో, ఎండుమిరపకాయ తొడిమలు వేసో కొత్త తోడు పుట్టించేది. ఆ పెరుగు మొదటి రోజు జిగురుగా ఉండేది, రుచీ పచీ ఉండేది కాదు, అయినా మా ఇంటిదే. ఆ ఇంటి పిల్లవాణ్ని నేను. సరిహద్దు దాకా తీగ లాక్కుని వెళ్లి చేయి చాపమంటే ఎలా చాపుతాను? అది ఆటే, నాకు తెలుసు. ఆటలోనైనా సరే.

అన్నం తింటూ ఇదే అక్కతో అన్నాను, తోడు మాట.

అక్క నా గిన్నె వైపు చూసింది. "నేను ఈ ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి పక్కింటి తోడే తెచ్చుకుంటున్న," అంది. "నువ్వు ఆదివారం ఆదివారం మెచ్చుకుంట తింటున్నవే, గది ఎవలదనుకున్నవ్?"

బావ పడీపడీ నవ్వాడు. నేను పెరుగన్నం గిన్నె పక్కకు జరిపాను. జరిపాక ఆకలి వేసింది. ఏం చేస్తాం, మళ్లీ దగ్గరికి లాక్కున్నాను.

ఇవన్నీ జరుగుతుండగా అక్క నడక ఇంకా తగ్గింది. హాల్లోంచి వంటింట్లోకి గోడ పట్టుకుని వెళ్లేది. చుట్టుపక్కల పెళ్లిళ్లు, పేరంటాలు మానేసింది. బోనాల రోజు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చప్పుళ్లు వింటూ కూర్చుందట. ఆ మాట బావ చెప్పాడు, అక్క చెప్పలేదు. "ఊరు ఎంత వరకు వచ్చిందిరా?" అని మాత్రం ఆదివారాలు మంచం మీంచే అడిగేది. నేను మునిగిందని చెప్పేవాణ్ని. "పోనీ, వచ్చే వారం సూద్దాం," అని అటు తిరిగి పడుకునేది. ఆ 'పోనీ' వింటే నాకు చిరాకు వచ్చేది. నా తప్పేం ఉంది? నేను ఊరు ముంచుతున్నానా? పంపులు ముంచుతున్నాయి.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి గేటు దగ్గరే మనుషులు కనిపించారు. మెట్ల మొదట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది, అందులో అక్క కూర్చుని ఉంది. ముందు రోజు మోకాళ్లు ఎక్స్‌రే తీయించడానికి దింపారట. వచ్చాక ఎక్కలేకపోయింది. రాత్రి కింది ఇంటివాళ్ల దగ్గరే, అమ్ముతామంటున్న ఆ ఇంట్లోనే, పడుకుంది. ఇప్పుడు కింది ఇంటాయన, వాచ్‌మన్, బావ ముగ్గురూ కుర్చీ ఎత్తి ఆమెను పైకి తీసుకుపోవాలని చూస్తున్నారు. మెట్ల పక్కన పిల్లలు, ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు.

మా ఇంటి ఆడపిల్లను పరాయివాళ్లు కుర్చీలో పెట్టి మోయడం, అది నలుగురు చూడటం. నేను హెల్మెట్ తీసి మెట్టు మీద పెట్టి, వాచ్‌మన్‌ను జరగమని, కుర్చీ వెనక కాలు నేను పట్టుకున్నాను.

"మీకెందుకు సార్, మేం తీస్కపోతం," అన్నాడు వాచ్‌మన్.

"జరుగు నువ్వు."

మొదటి అంతస్తు దాకా బాగానే వెళ్లాం. ఆ తరువాత నా నడుము పట్టేసింది. నేను వెనక ఉన్నాను గనక బరువంతా నా వైపే వస్తోంది, బావ ముందు నుంచి సరిగా ఎత్తడం లేదు.

"ఎత్తండి బావా!"

"ఎత్తుతనే ఉన్న. మీ అక్కనే బరువున్నది. మీ ఇంటి ఆడపిల్ల ఉత్తగనే ఉంటదా?"

"మన నాయనమ్మ పల్లకిల తిరిగిందంటరు గదా," అంది అక్క, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని. "నా కిస్మత్‌ల గీ ప్లాస్టిక్ కుర్చి ఉన్నది. తమ్మీ, జెర పైలంరా. నన్ను పడేస్తే మల్గీ కోసమే పడేసిండని అంటరు."

కింది ఇంటాయన నవ్వు ఆపుకోలేక కుర్చీ దింపేశాడు. రెండో అంతస్తు మలుపులో అందరం ఆయాసపడుతూ నిలబడ్డాం. అక్క నవ్వుతోంది గానీ మొహం పాలిపోయి ఉంది. కుర్చీ కాస్త కదిలినా పళ్లు బిగబట్టుకుంటోంది. అది నేను వెనక నుంచి చూడలేదు, అక్కడ మలుపులో చూశాను. మళ్లీ కుర్చీ కాలు పట్టుకున్నాను.

పైకి చేర్చి మంచం మీద కూర్చోబెట్టాక, కింది ఇంటాయన చెమట తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయనకు నీళ్లు కూడా ఇవ్వలేదని తరువాత గుర్తొచ్చింది. అక్క కాళ్ల కింద దిండు సర్దుకుని, "లాప్‌టాప్ ఇటియ్యి," అంది.

"ఇప్పుడెందుకు అక్కా?"

"ఇయ్యి."

తెరిచింది. నా బజారు కనిపించింది. పొడిగా ఉంది. పంపులు తిరుగుతున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి, ఎక్కడా మెరుపు గుర్తు లేదు. దుకాణాల ముందు జనం నడుస్తున్నారు. దిగువన నా ఆనకట్ట ఎండిపోయి, ఏ పనీ లేక నిలబడి ఉంది. నేను మౌస్‌తో ఇటూ అటూ జరిపాను. పడమటి సరిహద్దు నుంచి కొండ మీదుగా స్తంభాల వరస ఒకటి ఊళ్లోకి వచ్చింది.

"ఈ లైన్ ఎవరు గుంజిన్రు?"

"నేనే. బుధవారం."

"నాకు చెప్పకుండనా?"

"చెప్తే వద్దంటవ్."

"ఇది లెక్కలకు రాదక్కా. కొన్న కరెంటు ఇది."

"ఊరు ఏడాది మునగకుండ నిలవడాలె అన్నవ్. ఎవల కరెంటుతోని నిలవడాలెనో అనలే. ఏడాది ఎప్పుడో దాటింది. తారీఖు సూస్కో."

చూసుకున్నాను. దాటింది.

"నేను సాక్షి ఉన్న," అన్నాడు బావ గుమ్మంలో నిలబడి.

నేను కుర్చీ లాక్కుని కూర్చుని ఊరంతా వెతికాను. బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా, ప్రతి సందూ, ప్రతి ఇల్లూ. ఎక్కడో ఒక ఇంట్లో చెమ్మ ఉండకపోతుందా అని. పంపుల వరసలో ఎక్కడో సందు ఉండి సన్నటి ధార కారకపోతుందా అని. అలా ఊరు కారకుండా ఉండటం నాకు ఎంత ఇబ్బందిగా ఉందో చెప్పలేను. పంపులు నా పంపులే, పైపులు నా పైపులే, నేను కొలిచి పెట్టిన చోటే ఉన్నాయి. ఎక్కడా ఒక్క చుక్క వదలడం లేదు. ఎవరో పరాయి పట్టణంవాడి కరెంటు తాగి, నేను కట్టినవి నేను చెప్పిన పని చేస్తున్నాయి.

"ఏం బామ్మర్ది, నీళ్లు దేవులాడుతున్నవా?" అన్నాడు బావ.

"ఇక్కడొక ఇంటి మీద గుర్తున్నది."

అక్క మెడ చాచి చూసింది. "గది చెత్త గుర్తు. చెత్త బండి రాలేదంటున్నడు వాడు. మునిగిన అంటలేడు."

నిజమే. అది చెత్త గుర్తే.

లాప్‌టాప్ మూశాను. బయట రైల్వే వర్క్‌షాపు వైపు ఇంజిన్ ఏదో కూత పెట్టింది. అక్క నా వైపు చూడటం లేదు, మోకాలి మీద చీర మడత సరిచేసుకుంటోంది. అడగదు గాక అడగదు. ఆమె కూడా ఆ ఇంట్లో పుట్టిందే గదా. ఇచ్చిన మాట నాది, చెప్పాల్సింది నేను. నాకు అందరి మీదా కోపంగా ఉంది. బావ మీద, పంపుల మీద, లిఫ్టు లేని బిల్డింగు కట్టినవాడి మీద, తీగ వేసుకోమని పదేపదే అడిగిన ఆ చిన్న పెట్టె మీద.

"సంతకానికి ఎప్పుడు రావాలె?" అన్నాను.

"నువ్వు ఎప్పుడంటే అప్పుడు," అంది అక్క. "తిని పో," అని కూడా అంది.

తిన్నాను. పెరుగు ఎవరిదని అడగలేదు.

తరువాత పనులు వాటి దారిన అవి జరిగాయి. టైలర్ దగ్గరికి బావ వెళ్లి మాట్లాడాడు, నేను వెళ్లలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు మాత్రం నేను ముందు వెళ్లి కూర్చున్నాను. అక్కను ఆటోలో తెచ్చారు, సంతకం ఆటో దగ్గరికే వచ్చి తీసుకోమంటే అక్కడి గుమస్తా కుదరదన్నాడు. అతనితో నేను గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. చివరికి చక్రాల కుర్చీ ఒకటి ఎక్కడి నుంచో తెచ్చారు. కూర్చున్నాక దాని బ్రేకు పడలేదు. అక్క సంతకం పెడుతున్నంతసేపూ నేను చక్రం కాలితో అదిమి పట్టుకున్నాను.

మల్గీని టైలర్ కొన్నాడు, అక్క తన వాటాతో కింది ఇల్లు కొనుక్కుంది. లోపలి చెక్క అటక, ముందరి నాపరాయి మెట్లు, కరెంటు మీటరు కూడా దానితోపాటే ఇచ్చేశాం.